రూట్ కెనాల్‌లో బ్లీచింగ్ వాసన వచ్చే మందు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 36. కింది దవడలో పెద్ద పన్ను పుచ్చి, నొప్పి భరించలేక రూట్ కెనాల్ మొదలుపెట్టించుకున్నాను. మొదటి సిట్టింగ్‌లో డాక్టర్ సిరంజితో పంటిలోకి ఏదో ద్రవం పదే పదే పంపారు. బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది. కొంచెం నోట్లోకి కారి గొంతు మండింది. మూడు రోజులైనా నమిలితే కాస్త సలుపుతోంది. ఆ మందు ఎముకలోకి దిగుతుందని ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు. రెండో సిట్టింగ్‌కు వెళ్లాలా, వద్దా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీరు చెప్పిన దాన్నిబట్టి ఆ ద్రవం సోడియం హైపోక్లోరైట్. అదీ బ్లీచింగ్ పౌడర్ జాతిదే కాబట్టి ఆ వాసన సహజం. రూట్ కెనాల్‌లో సగం వైద్యం ఈ కడగడమేనని నేను నమ్ముతాను. ఫైళ్లు అనే సన్నని సూదుల్లాంటి పరికరాలతో ఎంత గీకినా పంటి వేర్లలోని కాలువ గోడల్లో మూడో వంతుకు పైగా వాటికి తగలదని మైక్రో సీటీ స్కాన్లతో తేలింది. పైగా మీది కింది దవడ పెద్ద పన్ను. సాధారణంగా దానికి రెండు వేర్లు, మూడు కాలువలు ఉంటాయి. ముందు వేరులోని రెండు కాలువలను కలుపుతూ సన్నని చీలికలుంటాయి. అక్కడికి ఫైలు వెళ్లదు. వాటిలో ఇరుక్కున్న కుళ్లిన గుజ్జును కరిగించి, బ్యాక్టీరియాను చంపేది ఈ మందే. దీన్ని 0.5 నుంచి 6 శాతం గాఢతలో వాడతారు. కాలువ గీకినప్పుడు గోడలకు అంటుకున్న పూతను తీయడానికి 17 శాతం ఈడీటీఏ అనే మరో ద్రవంతో కూడా కడుగుతారు. అందుకే అన్నిసార్లు సిరంజి.

గొంతు మండటం మాత్రం జరగకూడనిదే. పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పలుచని షీటు బిగిస్తే మందు నోట్లోకి కారదు, లాలాజలం కాలువలోకి పోదు. ఇది 1864 నుంచీ ఉన్న పద్ధతి. ఈసారి కుర్చీలో కూర్చోగానే అది పెట్టమని అడగండి, మొహమాటపడకండి. బ్లీచింగ్ తగిలితే ఎలర్జీ వచ్చే అలవాటుంటే అదీ ముందే చెప్పండి.

ఇంట్లోవాళ్ల భయం పూర్తిగా ఉత్తిదేం కాదు. సూది కాలువలో ఇరుక్కున్నప్పుడు గట్టిగా నొక్కితే మందు వేరు చివర దాటి పోవచ్చు. ఇది అరుదు. అలా కాకుండా పక్కకు రంధ్రమున్న సూదిని వేరు చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే ఆపి, వదులుగా ఉంచి, నెమ్మదిగా పంపుతారు. ఒకవేళ దాటిపోతే అక్కడికక్కడే తెలిసిపోతుంది. మత్తు ఇచ్చినా తట్టుకోలేని నొప్పి, నిమిషాల్లో బుగ్గ వాపు, పంటిలోంచి రక్తం, తర్వాత చర్మం కమిలిపోవడం కనిపిస్తాయి. మీరు రాసిన వాటిలో ఇవేవీ లేవు.

నమిలితే కాస్త సలపడం కొన్ని రోజులు మామూలే. నొప్పి తగ్గకుండా పెరిగినా, వాపు, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. నోరు తెరవలేకపోయినా, మింగడానికి, ఊపిరికి ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి పోయింది కదా అని రెండో సిట్టింగ్ వాయిదా వేయకండి. ఇప్పుడు మీ పంటి మీద ఉన్నది తాత్కాలిక ఫిల్లింగ్. అది అరిగి లాలాజలం లోపలికి దిగితే కాలువలన్నీ మళ్లీ మొదటి నుంచి కడగాలి. అప్పటిదాకా ఆ వైపు గట్టివి నమలకండి. వైద్యం పూర్తయ్యాక క్యాప్ కూడా వేయించుకోండి, లేదంటే పన్ను విరిగే అవకాశం ఎక్కువ.