జరగనిది కూడా రాయమ్మా

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

కీటోన్‌ని బెంజీన్ వలయానికి కలిపే చర్య మీద నువ్వు రాసిన వ్యాసం, దాంతోపాటు ఉత్తరం అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఒళ్ళు మండింది, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. “ఈ విధంగా కీటోన్, క్రోమియం అంటిన బెంజీన్ వలయంతో సులభంగా కలిసి కావలసిన ఉత్పన్నాన్ని ఇస్తుంది” అన్నావు. సులభంగానా? ఉత్తరంలో ఏమో “చాలాకాలం ఏమీ రాలేదు మాస్టారూ, ఒక రాత్రి ఆర్గాన్ సిలిండర్ ఖాళీ అయిపోయి, చూస్తుండగానే నీలం అంతా పసుపైపోయింది” అని రాశావు. ఆ ఒక్క వాక్యం నీ తొమ్మిది పేజీల వ్యాసం కంటే బాగుంది. అది వ్యాసంలోకి ఎందుకు రాలేదు?

నేను పట్టుకుని వేలాడే మాట ఒకటుంది. రసాయన చర్య గురించి రాసేవాళ్ళు జరిగినది ఒక్కటే రాస్తే సగం రాసినట్టు. జరగడానికి సిద్ధంగా ఉండి కూడా జరగకుండా పోయినవేమిటి, వాటిని ఆపిందేమిటి, అది కూడా చెప్పాలి. లేకపోతే చదివేవాడికి ఆ చర్య గొప్పతనం ఎలా తెలుస్తుంది?

నీ ఫ్లాస్కే తీసుకో. అందులోని నీలం సమారియం డైఅయోడైడ్ ద్రావణానిది. సమారియం డైఅయోడైడ్ కీటోన్‌కి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చింది. కీటైల్ రాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు, పుట్టింది. ఇప్పుడు దాని ముందు ఎన్ని దారులున్నాయి? తనలాంటి ఇంకో కీటైల్ తగిలితే రెండూ కలిసి పినకాల్ అవుతాయి. అది ఫిట్టిగ్ 1859లోనే అసిటోన్‌తో చూసిన చర్య. ఇంకో ఎలక్ట్రాన్, ప్రోటాన్లు దొరికితే మామూలు ఆల్కహాల్‌గా మారిపోతుంది. ఏమీ దొరక్కపోతే చుట్టూ ద్రావకంగా ఉన్న టీహెచ్‌ఎఫ్ నుంచే హైడ్రోజన్ లాక్కోవచ్చు. ఇవన్నీ దానికి తేలిక. బెంజీన్ వలయం మీదికి పోవడం ఒక్కటే కష్టం. కీటైల్‌కి ఎలక్ట్రాన్లు ఎక్కువ, బెంజీన్‌కీ ఎక్కువే. పైగా కొత్త బంధం వేస్తే వలయం తన స్థిరత్వం పోగొట్టుకోవాలి. ఎందుకు ఒప్పుకుంటుంది?

అక్కడికి క్రోమియం రావాలి. మూడు కార్బన్ మోనాక్సైడ్‌లను మోస్తున్న క్రోమియం వలయానికి ఒక ముఖం మీద కూర్చుని, ఆరు కార్బన్లనూ ఒకేసారి పట్టుకుని, ఎలక్ట్రాన్లను తన వైపు లాగుతుంది. వలయానికి నైట్రో గుంపు తగిలిస్తే ఎంత లాగుతుందో దాదాపు అంత. అప్పుడు ఆ వలయం ఎలక్ట్రాన్ల కోసం ఎదురుచూసేదవుతుంది. కీటైల్ క్రోమియం లేని ముఖం వైపు నుంచి వస్తుంది, క్రోమియం ఉన్న వైపు దారి మూసుకుపోయింది కాబట్టి. బంధం పడ్డాక రెండో సమారియం ఇంకో ఎలక్ట్రాన్ ఇస్తుంది. నీ అణువులో అయితే మెథాక్సీ గుంపు వెళ్ళిపోయి వలయం మళ్ళీ కుదురుకుంటుంది. అంటే ఒక మిల్లీమోల్‌కి కనీసం రెండు మిల్లీమోల్‌ల సమారియం డైఅయోడైడ్ కావాలి, 0.1 మోలార్ ద్రావణం అయితే 20 మిల్లీలీటర్లు. అంత నీలం ఎందుకు పోయాల్సి వచ్చిందో నీ వ్యాసం చదివినవాడికి తెలియదు.

నువ్వేమో క్రోమియాన్ని పెళ్ళిపెద్ద అన్నావు. తీసెయ్. పెళ్ళిపెద్ద ఇద్దరినీ కలుపుతాడే గానీ ఒకరి ఒంట్లోంచి ఏమీ లాగడు. ఇక్కడ అసలు సంగతంతా ఆ లాగడంలోనే ఉంది. సైన్సు వ్యాసమంటే ప్రతి పేరాకీ ఒక పోలిక ఉండాలని ఎవరో ఫ్యాషన్ మొదలుపెట్టారు. అణువు చేసే పని నేరుగా చెప్పలేనివాళ్ళకి అది బాగా పనికొచ్చింది. నీకు ఆ అవసరం లేదు.

రంగు గురించి ఇంకా కోపంగా ఉన్నాను. “నీలం పసుపుగా మారడం చర్య పూర్తయిందనడానికి గుర్తు” అని రాశావు. సమారియం ఎలక్ట్రాన్‌ని కీటోన్‌కి ఇచ్చినా పసుపే, ఫ్లాస్కు రబ్బరు మూతలోంచి దూరిన గాలికి ఇచ్చినా పసుపే. ఆ రాత్రి గాలిని ఆపే ఆర్గాన్ అయిపోయాక నువ్వు చూసింది ఈ రెండో పసుపు కదా! ఆ రెండు పసుపులకూ తేడా ఫ్లాస్కులో కనబడదు, టీఎల్‌సీ ప్లేటు మీదే, అంటే పదార్థాలు వేర్వేరు చుక్కలుగా విడిపోయే పలక మీదే, కనబడుతుంది. ఈ సంగతి తెలుగులో రాయగలిగినవాళ్ళలో నువ్వొకదానివి. అదీ వదిలేశావు.

రాడికల్ రసాయనమంతా జరగని చర్యతోనే మొదలైందమ్మా. 1900లో మిషిగన్ యూనివర్సిటీలో మోజెస్ గాంబర్గ్ హెక్సాఫినైల్ ఈథేన్ చేద్దామనుకున్నాడు. ట్రైఫినైల్ మిథైల్ క్లోరైడ్‌ని వెండితో చర్య జరిపాడు. వచ్చిన పదార్థాన్ని విశ్లేషిస్తే కార్బన్, హైడ్రోజన్ శాతాలు లెక్క కంటే తక్కువ. ఇంకొకరైతే చేతకాని ప్రయోగం అని పారబోసేవారు. ఆయన ఆ తక్కువ పడ్డ భాగం ఆక్సిజన్ అని పట్టుకుని, గాలి తగలకుండా మళ్ళీ చేసి, మూడే బంధాలున్న కార్బన్‌ని లోకానికి చూపించాడు. నీ వ్యాసంలో ఆయనకి ఒక్క వాక్యం ఇచ్చావు, “రాడికల్ పితామహుడు” అని. పితామహుడు అంటే ఏం తెలిసింది? తక్కువ పడ్డ శాతాల గురించి రాయాలి.

ఈ జరగనిదాన్ని వదిలేయడం మీద నాకు పాత కక్ష ఒకటుంది. పని చేసే రోజుల్లో కాలేజీ ల్యాబ్‌లో టీహెచ్‌ఎఫ్ ఆరబెట్టడం నా బాధ్యత. సోడియం ముక్కలు, బెంజోఫినోన్ వేసి మరిగిస్తాం కదా, తేమ, ఆక్సిజన్ పూర్తిగా పోయాకే నీలం నిలుస్తుంది. ఆ నీలం కూడా కీటైలే. రెండు ఫినైల్ వలయాలు ఆ ఎలక్ట్రాన్‌ని పంచుకోవడం వల్ల తొందరపడి జతకట్టకుండా నిలబడి ఉంటుంది. టీహెచ్‌ఎఫ్ మరిగేది 66 డిగ్రీలకు. గుంటూరు మే నెలలో ట్యాంకు నీళ్ళు కుళాయిలోంచే కాగి వచ్చేవి. కండెన్సర్ చల్లబడదు, ఆవిరి పైకి పోతుంది. రంపపు పొట్టు వేసి గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ తెప్పించి, బకెట్లో పగలగొట్టి, కూలర్ పంపుతో ఆ నీళ్ళు తిప్పేవాళ్ళం. ఒక్కోసారి సాయంత్రం దాకా నీలం వచ్చేది కాదు, మురికి పసుపు దగ్గరే ఆగిపోయేది. ఎందుకు ఆగిందో వెతకడంలోనే పిల్లలు నేర్చుకునేవాళ్ళు.

దాని మీద వ్యాసం రాసి విజయవాడలో ఒక వారపత్రికకి ఇచ్చాను. అచ్చయ్యాక చూస్తే ఐసు లేదు, పంపు లేదు, మురికి పసుపు లేదు. “అందమైన నీలి రంగు” మిగిలింది, కింద “మీకు తెలుసా?” అని పెట్టె. పాసింజర్ ఎక్కి వెళ్ళి అడిగాను. “పాఠకులకి వైఫల్యాలెందుకండీ, ఉపయోగం చెప్పండి, క్యాన్సర్ మందుకి పనికొస్తుందా?” అన్నాడా ఎడిటర్. మళ్ళీ ఆ పత్రికకి రాయలేదు. ఇప్పటికీ ఆ పద్ధతి మారలేదు. నీ చివరి పేరా చూస్తే అలాంటివాళ్ళని ముందే ఊహించుకుని రాసినట్టుంది, “భవిష్యత్తులో ఎన్నో ఔషధాలకు బాట వేయగలదు” అంటూ. క్రోమియాన్ని మోతాదుకు మోతాదు వాడి, చివరికి ఎండలో గాలి తగిలించి విడగొట్టి పారేయాల్సిన పద్ధతి ఇది. ఫ్యాక్టరీలు దీని వైపు ఎందుకు చూడటం లేదో రాయి. అదే అసలైన ఉపయోగం.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను వదలను. ఎచ్‌ఎంపీఏ. ఆ ద్రావకం కలిపితే సమారియం ఎలక్ట్రాన్ ఇచ్చే బలం పెరుగుతుందని, నీలం ఊదాకి తిరుగుతుందని చక్కగా రాశావు. దాని ఆవిరి పీల్చిన ఎలుకలకి ముక్కులో క్యాన్సర్ గడ్డలు వచ్చాయని 1975 నుంచీ తెలుసు. నీ వ్యాసంలో ఆ మాటే లేదు. క్రోమియం హెక్సాకార్బొనైల్ విషమని, వేడి చేసేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుందని కూడా లేదు. రేపు ఇంటర్ చదివే పిల్లాడు అది చదివి ఇదంతా రంగుల ఆట అనుకుంటాడు. ఫ్యూమ్ హుడ్, గ్లౌజులు ముందు పేజీలోకి తీసుకురా. నువ్వు కూడా గ్లౌజులు లేకుండా ఆ సీసా ముట్టుకోకు. ఈ మాట రచయితగా కాదు, పెద్దవాడిగా చెబుతున్నాను.

1957లో ఫిషర్, ఓఫెలె ఈ క్రోమియం సమ్మేళనం చేసిన దగ్గర్నుంచి, 1977లో కగాన్ బృందం సమారియం డైఅయోడైడ్‌ని తెచ్చిన దాకా నువ్వు రాసిన చరిత్ర సరిగ్గానే ఉంది. దాన్ని ముట్టుకోవద్దు. నువ్వడిగిన కలం పేరు సంగతి, పుస్తకం వేసే సంగతి తర్వాత.

మళ్ళీ రాసి, ఈసారి పోస్టులో పంపకుండా నువ్వే రా. కృష్ణ దాటితే గంట ప్రయాణం. బ్రాడీపేటలో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. వచ్చేటప్పుడు నీ ల్యాబ్ నోట్‌బుక్ కూడా తీసుకురా. పినకాల్ ఎంత వచ్చిందో అందులో అంకె ఉంటుంది, దాన్ని వ్యాసంలో వేద్దాం. పదార్థాలను వేరుచేసే కాలమ్‌లో రెండోదిగా దిగిన ఆ నారింజ పట్టీ ఏమిటో కూడా నువ్వెక్కడా రాయలేదు, అది నాకు తెలియాలి.

నీ శ్రేయోభిలాషి,
మాస్టారు
బ్రాడీపేట, గుంటూరు