ఓడ్ అంటే ఏంటి, ఎక్కడ పుట్టింది?

ఓడ్ అంటే ఒక మనిషినో వస్తువునో భావాన్నో ఎదురుగా పెట్టుకుని, దాన్నే పలకరిస్తూ గంభీరంగా సాగే కవిత, పుట్టింది ప్రాచీన గ్రీసులో, అదీ చదువుకోడానికి కాదు పాడటానికి.

అప్పట్లో ఆటల పోటీల్లో గెలిచినవాళ్లు కవికి డబ్బిచ్చి పాట కట్టించుకునేవాళ్లు, దాన్ని ఒక బృందం ఆడుతూ పాడేది, అందుకే ఆ కాలపు గ్రీకు కవి పిండార్ ఓడ్‌లు చాలావరకు మూడేసి భాగాలుగా ఉంటాయి, మొదటి రెండూ ఒకే నడక, మూడోది వేరు. ఉదాహరణకి క్రీ.పూ. 476 ఒలింపిక్స్‌లో సిరక్యూస్ రాజు హీరాన్ గుర్రం గెలిచినప్పుడు రాసింది చూడండి, నీళ్లే అన్నిటికన్నా గొప్పవి అని ఎత్తుకుంటాడు, కొరడా పడకుండానే దూసుకెళ్లిన ఆ గుర్రం ఫెరెనికోస్ పేరు కూడా అందులోనే ఉంటుంది, అదెంత బాగుంటుందో! తర్వాత రోమ్‌లో హొరేస్ అనే కవి దీన్ని చిన్నగా, నెమ్మదిగా, స్నేహితుడితో మాట్లాడినట్టు మార్చాడు.

చాలామంది ఓడ్ అంటే ఒట్టి పొగడ్త అనుకుంటారు, అది తప్పు. 1819లో ఇంగ్లిష్ కవి కీట్స్ నైటింగేల్ పిట్ట మీద రాసిన ఓడ్‌లో పొగడ్తతో పాటు చావు గురించిన దిగులు కూడా బాగా ఉంటుంది. ఇంకోటి, సానెట్ అనే ఇంకో రకం కవితకి 14 లైన్లు ఉన్నట్టు దీనికి అలాంటి లెక్కేం లేదు.