క్యోటోలో గది తీసుకునే ముందు మెట్ల సంగతి అడుగు

చిట్టితల్లికి,

పిన్ని ఆశీస్సులు. నవంబరులో అక్కని, అదే మీ అమ్మని, క్యోటో తీసుకెళ్తున్నావని తెలిసి ఎంత సంతోషించానో! పెద్ద హోటల్ వద్దు, చిన్న ర్యోకాన్‌లో, అంటే జపాన్ వాళ్ళ సంప్రదాయ బసలో, మూడు రాత్రులు ఉందామన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. నువ్వు పంపిన ఆరింటినీ చూశాను. అన్నిట్లోనూ మొదటి ఫోటో తోటదే. నేనూ మొదటిసారి తోట చూసే డబ్బు కట్టేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా వాడు టోక్యోలో నిషి కసాయ్‌లో ఉన్న రోజుల్లో నాలుగుసార్లు క్యోటో వెళ్ళాం. మొదటిసారి దిగిన చోట తోట నిజంగానే ఉంది, కానీ అది కింది గదివాళ్ళకి కనిపించే తోట. మాకిచ్చింది మేడ మీద వీధి వైపు గది. పాత చెక్క ఇళ్ళల్లో మెట్లు మన అటక నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, పాదం సగమే ఆనుతుంది. లిఫ్ట్ ఉండదు. టాయిలెట్ కింద. రాత్రి రెండు గంటలకి మీ బాబాయి గోడ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంటే పైన నిలబడి ఊపిరి బిగబట్టి చూశాను. అక్క మోకాళ్ళకి ఆ పరీక్ష పెట్టకు.

బుక్ చేసే ముందు వాళ్ళకి ఒక మెయిల్ రాయి. గది కిందనే ఇవ్వగలరా, టాయిలెట్ గదిలోనే ఉందా, కూర్చోడానికి మామూలు ఎత్తు కుర్చీ ఒకటి వేస్తారా అని అడుగు. వాళ్ళ జైసు అనే కుర్చీకి కాళ్ళుండవు. వీపుకి ఆసరా దొరుకుతుంది కానీ మోకాళ్ళు మడవక తప్పదు. పడుకునేది తాతామి చాపల మీద పరిచిన పరుపు మీదే. రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేయమని ముందే అడిగితే చాలాచోట్ల కాదనరు, లేవడం కాస్త తేలికవుతుంది.

జవాబు వచ్చాక దాన్ని శ్రద్ధగా చదువు. ఫోటోల కన్నా ఆ జవాబే నీకు ఎక్కువ చెప్తుంది. రెండోసారి మేం రాసినప్పుడు ఒక ఇల్లాలు, “మా ఇంట్లో పట్టుకోడానికి కమ్మీ లేదు, మీవారికి కష్టమవుతుంది” అని రాసి, దగ్గర్లోనే కింది గదులున్న ఇంకో చోటు తనే చెప్పింది. చెప్పిన చోటుకే వెళ్ళాం, తర్వాత రెండుసార్లూ అక్కడే దిగాం. అడిగిన దానికి జవాబివ్వకుండా నిబంధనల కాగితం తిప్పి పంపిన చోటుని పక్కన పెట్టేయి. ఇలాంటి చోట ఇంటావిడని ఒకామి అంటారు. నీ రెండు మూడు రోజులూ ఆవిడ చేతిలోనే ఉంటాయి.

అలా చూసేవాళ్ళు అసలు ఉన్నారో లేదో కూడా కనుక్కో. 2018లో అక్కడి చట్టం మార్చి హోటళ్ళనీ ర్యోకాన్లనీ ఒకే కోవలో కలిపేశారు. కాబట్టి పేరు చూసి నమ్మడానికి లేదు. పాత ఇంటిని బాగు చేయించి, తలుపుకి కోడ్ పెట్టి వదిలేసేవీ ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్ళకి అవి బాగానే ఉంటాయి, అక్కతో వెళ్ళేటప్పుడు వద్దు.

ఇక నిశ్శబ్దం. క్యోటో పాత ఇళ్ళకి వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగు ఎక్కువ. వాటిని ‘ఈల్ చేప పడక’ అంటారు. మధ్యలో గాలీ వెలుతురూ రావడానికి త్సుబోనివా అని చిన్న తోట వదులుతారు. ఆ తోట వైపో వెనక వైపో గది అడుగు. గదికీ గదికీ మధ్య కొన్నిచోట్ల కాగితం అతికించిన జరిపే తలుపులే ఉంటాయి, పక్కవాళ్ళ దగ్గు కూడా వినిపిస్తుంది. పది గదుల లోపు ఉన్నదే తీసుకో. మనమూ జాగ్రత్తగా ఉండాలి తల్లీ. అక్క మీ తమ్ముడితో స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది కదా, ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్ళు.

నవంబరు రెండో సగంలో ఎర్రబడిన చెట్ల ఆకులు చూడ్డానికి వచ్చి ఊరంతా జనమే. గియోన్, కియోమిజు వైపు చూడ్డానికి వెళ్ళండి, బస వద్దు. నా మాట వింటే హిగషి హోంగాన్‌జీ గుడి చుట్టుపక్కల చూడు. యాత్రికుల కోసం వెలసిన పాత బసలు అక్కడున్నాయి, స్టేషన్ నుంచి నడిచే దూరమే. లేదా ఓయికే, షిజో వీధుల మధ్య ఫుయాచో వీధి చుట్టుపక్కల సందులు. 1818 నుంచీ నడుస్తున్న హీరాగియా అనే ర్యోకాన్ ఆ ఫుయాచోలోనే ఉంది, కానీ దాని ధర మనకి అందేది కాదు.

భోజనం దగ్గర మాత్రం మొహమాటపడకు. అక్క శాకాహారి అని రాస్తే సరిపోదు. అక్కడ చారుకైనా, కూరకైనా దాషి అనే రసం పోస్తారు, దాంట్లో చాలాసార్లు ఎండబెట్టిన బోనిటో చేప తురుము ఉంటుంది. చేపముక్క కనిపించకపోతే శాకాహారమే అనుకునేవాళ్ళు ఉన్నారు. మొదటి రాత్రి బాబాయి అన్నం, ఊరగాయ మాత్రమే తిన్నారు. ముట్టని గిన్నెలు తీసుకెళ్తూ ఆ వంటామె ముఖం చిన్నబోయింది, తన వంటలోనే ఏదో లోపముందనుకుంది. ఆ ముఖం ఇప్పటికీ నాకు గుర్తే. “చేప దాషి కూడా వద్దు, కొంబు సముద్రపు నాచుతో చేసిన దాషి అయితే పర్వాలేదు” అని ముందే రాయి. కుదరదంటే సుదోమారి, అంటే భోజనం లేకుండా గది మాత్రమే తీసుకో.

ధర తలకి చెప్తారు, గదికి కాదు. ఇద్దరికీ లెక్క వేసుకో. దాని పైన ఊరి బస పన్ను ఉంటుంది, 2026 మార్చి నుంచి పెంచారు. బస ధర మనిషికి రాత్రికి 6,000 నుంచి 20,000 యెన్ లోపైతే పన్ను మనిషికి రాత్రికి 400 యెన్, 50,000 లోపైతే 1,000. టిప్పు ఇవ్వక్కర్లేదు.

రాత్రి పదికో పదకొండుకో వీధి తలుపు వేసేసే ఇళ్ళున్నాయి, ఆ టైమ్ కూడా అడుగు. ఒకసారి మాకు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఒకామి గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దీపం పెట్టుకుని ఎదురుచూస్తోంది. కోప్పడలేదు. మా చెప్పులు తీసుకుని, ఉదయం వేసుకోడానికి వీలుగా వాకిలి వైపు తిప్పి పెట్టి, అప్పుడు తలుపు గడియ వేసింది. మర్నాడు పొద్దున్నే పొయ్యి దగ్గర ఉండాల్సిన మనిషి.

పెద్ద సూట్‌కేసులు టోక్యో నుంచి తక్యూబిన్‌లో, అంటే సామాను చేర్చే కొరియర్‌లో, ముందురోజే పంపించెయ్యి. తాతామి మీద చక్రాలు దొర్లించకూడదు, చెప్పులతోనూ నడవకూడదు. స్నానం పదిమందిలో అంటే అక్క ఒప్పుకోదు, లోపల గడియ వేసుకుని ఒక్కళ్ళే వాడుకునే గది ఉందేమో కనుక్కో. బసలో ఇచ్చే యుకాతా అనే నూలు అంగీ కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా శవానికి కడతారు. అక్కకి నువ్వే దగ్గరుండి కట్టు.

మెయిల్ ఇవాళే రాసెయ్యి, ఆ రోజులకి గదులు తొందరగా అయిపోతాయి. జవాబులు రాగానే నాకూ పంపు, కూర్చుని చదువుతాను.

మీ పిన్ని