అప్పు చేసి మూడేళ్ల సర్వర్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను ఒక్కడినే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైటు నడుపుతున్నాను. సుమారు 900 మంది నెలవారీ చందాదారులు ఉన్నారు. మా కుటుంబానికి ఇదే ఆదాయం. గత ఏడాది వర్చువల్ సర్వర్ (హోస్టింగ్ సంస్థ తన పెద్ద యంత్రంలో అద్దెకిచ్చే వాటా) రెండుసార్లు క్రాష్ అయింది. మొదటిసారి, సర్వర్ తన పనులను నమోదు చేసుకునే లాగ్ ఫైళ్లతో డిస్కు నిండిపోయింది. రెండోసారి హోస్టింగ్ సంస్థ యంత్రంలోనే స్టోరేజీ పాడై, 11 రోజుల డేటా తిరిగి రాలేదు. ఇప్పుడు నాలుగు రెట్లు పెద్ద సర్వర్‌కు మూడేళ్ల డబ్బు ఒకేసారి కడితే 30 శాతం తగ్గింపు ఇస్తామంటున్నారు. 18 శాతం వడ్డీకి వ్యక్తిగత రుణం దొరుకుతోంది. చేతిలో నెలన్నర ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. రుణం తీసుకోవచ్చా? సైబర్ బీమా కూడా అవసరమా?

జవాబు: ఈ రుణం తీసుకోవద్దు. డేటా పోగొట్టుకున్నవారిలో చాలామంది ఆ కంగారులో చేసే పొరపాటునే మీరూ చేయబోతున్నారు కాబట్టి మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. సర్వర్ సామర్థ్యం వేరు, డేటా భద్రత వేరు. నాలుగు రెట్లు పెద్ద సర్వర్ అప్పుడే ఉండి ఉంటే డిస్కు నిండడం కొన్ని నెలలు ఆలస్యమయ్యేదేమో గాని, స్టోరేజీ పాడైనరోజు మీకు జరిగిన నష్టంలో ఒక్క గంట డేటా కూడా తగ్గేది కాదు. ఆరోజు మీ దగ్గరున్న చివరి కాపీ, ఏదో అప్‌డేట్‌కు ముందు చేత్తో తీసుకున్నది, అప్పటికి 11 రోజుల పాతది. అసలు లోటు అక్కడుంది. బీరువా పెద్దదైనంత మాత్రాన తాళం వేసినట్టు కాదు.

తగ్గింపు సంగతి ముందు తేల్చేద్దాం. నెలవారీ ధర 100 అనుకుంటే మూడేళ్లకు 3,600 అవుతుంది. 30 శాతం తగ్గిస్తే 2,520. ఆ మొత్తాన్ని 18 శాతం వడ్డీకి తెచ్చి 36 వాయిదాల్లో తీర్చితే ఒక్కో వాయిదా సుమారు 91 చొప్పున చివరికి మీరు కట్టేది దాదాపు 3,280. కాగితం మీద 30 శాతంగా కనిపించిన తగ్గింపులో మీకు నిజంగా మిగిలేది 9 శాతం. అందులోంచి రుణ మంజూరు రుసుమును నేనింకా తీసివేయలేదు. అవసరాన్ని బట్టి ఈ నెల పెంచుకోవడం, వచ్చే నెల తగ్గించుకోవడం, సేవ నచ్చకపోతే మరొకరి దగ్గరికి వెళ్లిపోవడం అనే వీలు ఉన్నందుకే ఎవరైనా వర్చువల్ సర్వర్ తీసుకుంటారు. ఆ వీలును మీరు ఈ 9 శాతానికి వదిలేసుకుంటున్నారు. ఎనిమిదో నెలలో విసుగొచ్చి ఆ సంస్థను వదిలేసినా, రుణ వాయిదాలు ఇంకో 28 నెలలు మిమ్మల్ని వదలవు. వాడినకొద్దీ కరిగిపోయే సేవ కోసం ఈ వడ్డీకి అప్పు చేసి దానికి పెట్టుబడి అని పేరు పెట్టవద్దని ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టిన మాట ‘నెలన్నర’. సర్వర్లు హార్డ్‌వేర్ చెడిపోయి పోయినట్టే, బిల్లు కట్టకపోయినా పోతాయి. గడువు దాటితే హోస్టింగ్ సంస్థ ముందు సర్వర్‌ను నిలిపివేస్తుంది; ఒప్పందంలో రాసిన కొన్ని రోజులు గడిచాక అందులోని డేటాను చెరిపేస్తుంది; అదే ఖాతాలో దాచిన స్నాప్‌షాట్లు, అంటే డిస్కు ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే తీసిన కాపీలు కూడా సాధారణంగా దానితోపాటే పోతాయి. డొమైన్ పేరుదీ ఇంచుమించు ఇదే కథ. డాట్ కామ్ వంటి పేర్లు రద్దయ్యాక విడిపించుకోవడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది గాని, అందుకు వసూలు చేసే రుసుము మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ. చందాలు తగ్గిన ఒక నెలలో రుణ వాయిదా, ఇంటి ఖర్చులు, బ్యాకప్ స్టోరేజీ బిల్లు మూడూ మీ ముందుకొస్తే, ఆలస్యమైనా ఎవరూ ఫోన్ చేసి అడగరు కాబట్టి మీరు పక్కన పెట్టేది మూడోదాన్నే. క్రాష్ భయంతో తెచ్చిన అప్పు చివరికి బ్యాకప్‌కే ఎసరు పెడుతుంది.

కాబట్టి మొదటి పని అత్యవసర నిధి. ఇంటి ఖర్చులకు ఆరు నెలల మొత్తం ఉండాలి. దానితో కలపకుండా, మరో ఖాతాలో, వెబ్‌సైటు కోసం విడిగా ఒక నిధి ఉండాలి: సర్వర్, బ్యాకప్, డొమైన్, మెయిల్ ఖర్చులు మూడు నెలలకు, పాత కొత్త సర్వర్లను ఒక నెలపాటు పక్కపక్కన నడపడానికి అయ్యే ఖర్చు, మీకు చేతకాని మరమ్మతుకు నిపుణుడిని మూడు రోజులు పెట్టుకోవడానికి కావలసిన మొత్తం, చందాదారుల్లో పదో వంతు, అంటే 90 మంది, ఒకే వారంలో డబ్బు వాపసు అడిగితే ఇవ్వగలిగినంత. ఇది నిండేదాకా పెద్ద సర్వర్ ఆలోచనే పెట్టుకోవద్దు. రుణానికి కట్టాలనుకున్న నెలవారీ వాయిదాను అదే తేదీన ఈ ఖాతాలో వేయండి. వాయిదా కట్టగలనని మీరే లెక్క వేసుకున్నారు కాబట్టి ఈ డబ్బు లేదని అనలేరు.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ సంస్థ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్‌ను కూడా అక్కడే ఉంచుకున్న ఖాతాదారులు అసలునూ కాపీనీ కలిపి పోగొట్టుకున్నారు. కాపీ వేరేచోట ఉన్నవారికైనా ఆ ఉదయం ముందుగా కావలసింది మరోచోట కొత్త సర్వర్, దానికి అప్పటికప్పుడు కట్టగలిగిన డబ్బు. అలాంటి రోజున, మూడేళ్ల సొమ్ము ఒకేచోట కట్టేసి పైన వాయిదా మోస్తున్న మనిషి ఏం చేయగలడో ఆలోచించండి. సంస్థ ఇచ్చే 99.9 శాతం లభ్యత హామీని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు: 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగిపోయినా ఆ హామీ నిలబడినట్టే, అంతకు మించి ఆగితే సాధారణంగా వచ్చేది బిల్లులో కొంత రాయితీ, పోయిన డేటాకు పరిహారం కాదు.

బ్యాకప్ విషయానికి వస్తే, మీ డేటా అంతా ఒకే రకం కాదు. పాఠాల వీడియోలు ఒకసారి ఎక్కించాక మారవు. వాటిని ఒక్కసారి చవకైన స్టోరేజీలోకి కాపీ చేస్తే చాలు. చెల్లింపులు, పరీక్షల మార్కులు, చందాల గడువులు గంటగంటకూ మారతాయి. ఎన్ని గంటల నమోదులు పోతే చేత్తో తిరిగి ఎక్కించగలరో మీరే నిర్ణయించుకుని, డేటాబేస్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా రాసే కాపీ) అంత వ్యవధికి ఒకసారి దానంతట అదే నడిచేలా పెట్టండి. ఆ డంప్ వేరే సంస్థ దగ్గర, వేరే పాస్‌వర్డ్‌తో ఉన్న ఖాతాలోకి వెళ్లాలి. ఆ ఖాతాలోకి వెళ్లేందుకు మీ సర్వర్‌లో ఉంచే తాళంచెవికి (యాక్సెస్ కీ) కొత్త కాపీ చేర్చే అధికారమే ఉండాలి, పాతవాటిని తొలగించే అధికారం ఉండకూడదు. లేకపోతే సర్వర్‌లోకి చొరబడినవాడు బ్యాకప్‌నూ ఊడ్చేస్తాడు. రెయిడ్ (ఒకే డేటాను ఒకటికి మించిన డిస్కుల్లో కాపాడే పద్ధతి) ఉందని సంస్థవారు చెబితే సంతోషించండి గాని, అది ఒక డిస్కు పోయినప్పుడు పని ఆగకుండా చూసే ఏర్పాటు మాత్రమే, మీరు పొరపాటున చెరిపిన పట్టికను అన్ని డిస్కుల నుంచీ అదే క్షణంలో చెరిపేస్తుంది.

కాపీ ఉందనుకోవడం వేరు, తెరిచి చూడడం వేరు. నా కార్యాలయంలో ఖాతాదారుల డేటాబేస్‌కు ప్రతి రాత్రి రెండు గంటలకు బ్యాకప్ నడిచేది. ఉదయం కొత్త తేదీతో ఫైలు కనిపించేది కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు అవసరపడి చూస్తే ఫైలు పరిమాణం 20 బైట్లు. ముందురోజుదీ 20 బైట్లే, అలా వెనక్కి ఏడు వారాలు. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చినప్పుడు స్క్రిప్టులో మార్చడం మరిచాం. డంప్ ఏమీ రాయలేదు, ఫైళ్లను కుదించే జీజిప్ ప్రోగ్రాం మాత్రం ఆ శూన్యాన్నే శ్రద్ధగా కుదించి ప్రతి రాత్రీ ఒక ఫైలుగా పెట్టింది. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ వెబ్‌సైటులో ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ డైరెక్టరీని తొలగించినప్పుడు, రోజువారీ డంప్ కొంతకాలంగా విఫలమవుతోందని, ఆ హెచ్చరిక మెయిళ్లు ఎవరికీ చేరడం లేదని అప్పుడే బయటపడింది. దాదాపు ఆరు గంటల ముందు మరో పనికోసం తీసిన స్నాప్‌షాట్ వారిని ఆదుకుంది. మూడు నెలలకొకసారి ఒక చిన్న సర్వర్‌ను కొన్ని గంటలకు అద్దెకు తీసుకుని, మీ బ్యాకప్‌ను అందులో పూర్తిగా నిలబెట్టి, చివరి చెల్లింపు తేదీ సరిగా ఉందో చూసి, మొదలు నుంచి ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి. గంటల లెక్కన కట్టే సర్వర్ కాబట్టి దీనికయ్యే ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

సర్వర్ ఎంపికకు ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. నెలవారీ చెల్లింపు ఉండాలి, పరిమాణం ఎప్పుడైనా మార్చుకునే వీలుండాలి, స్నాప్‌షాట్లు ఏ భవనంలో ఉంటాయని అడిగితే సూటిగా జవాబు రావాలి. సర్వర్ పనిభారాన్ని చూపే టాప్ కమాండ్‌లో స్టీల్ అంకె (‘st’ అని కనిపించేది) రోజూ ఎక్కువగా ఉంటే ఆ యంత్రంలో కిక్కిరిసిన జనం మీ ప్రాసెసర్ సమయాన్ని తింటున్నట్టు, మకాం మార్చండి. లాగ్ ఫైళ్లకు రొటేషన్ (పాతవాటిని దానంతట అదే తొలగించే ఏర్పాటు) పెట్టి, డిస్కు 80 శాతం నిండగానే మెయిల్ వచ్చేలా చేస్తే మీ మొదటి క్రాష్ మళ్లీ రాదు. లైనక్స్ నిర్వహణ మీకు రాకపోతే సర్వర్ నిర్వహణను సంస్థే చూసుకునే మేనేజ్డ్ సేవకు కొంత ఎక్కువ కట్టడంలో తప్పు లేదు, బ్యాకప్ బాధ్యత మాత్రం అప్పుడూ మీదే.

సైబర్ బీమా నిధి నిండాక చూద్దాం. పని చేసే బ్యాకప్ లేనివారికి పాలసీ ఉన్నా క్లెయిము దగ్గర ఇబ్బంది తప్పకపోవచ్చు. ఇంటి ఆదాయమంతా మీ ఒక్కరిమీదే ఉంది కాబట్టి అంతకంటే ముందు మీ పేరున టర్మ్ బీమా, ఆరోగ్య బీమా ఉన్నాయో లేదో నాకు రాయండి.

మీరు పది రోజులు ఆసుపత్రిలో ఉంటే ఈ ఖాతాలను ఎవరు తెరవగలరో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. హోస్టింగ్, బ్యాకప్, డొమైన్ ఖాతాల పేర్లు, గడువు తేదీలు, రెండంచెల లాగిన్‌కు ఇచ్చే రికవరీ కోడ్‌లు ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఇంట్లో మీరు నమ్మే ఒకరికి చూపించి దాచండి. ఆ ఖాతాలకు జతచేసిన కార్డు గడువు ఏ నెలలో తీరుతుందో కూడా అదే కాగితం మీద రాయండి.