సంతకం పెట్టే ముందు

చిరంజీవి చిన్నాకు,

మామయ్య ఆశీస్సులు. ప్రమాదంలో కాలు పోయి ఇక కరెంటు స్తంభం ఎక్కలేకపోయినా ఉద్యోగం మాత్రం వదలనని, వేరే పోస్టు ఇమ్మని రాసి అడుగుతానని నువ్వన్నట్టు నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉందిరా. వెనకే భయం కూడా పట్టుకుంది.

వైకల్యం ఎంతో తేల్చే సదరం పరీక్షకు స్లాటు బుక్ చేసుకో, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తెచ్చుకో. ప్రమాద పరిహారం కేసు వేరు, దానికి రెండేళ్లే గడువు, మరిచిపోకు.

నా భయమంతా ఒక కాగితం గురించి. ఆఫీసు నుంచి నీ మేలు కోరేవాడే ఎవరో టైపు చేయించి తెస్తాడు. 'అనారోగ్యం వల్ల డ్యూటీ చేయలేను, మెడికల్ ఇన్‌వాలిడేషన్ కింద రిటైర్ చేయండి' అని ఉంటుంది. సంతకం పెడితే తమ్ముడికి ఉద్యోగం వస్తుందంటాడు. ఇంట్లో అందరూ నీ మొహంలోకే చూస్తారు. పెట్టకు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ చదువు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. సర్దడానికి ఏ పోస్టూ లేకపోతే తగినది దొరికేదాకా, లేదంటే రిటైరయ్యేదాకా, సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే నీకోసమే అదనంగా సృష్టించిన పోస్టులో, ఉంచవచ్చు. ప్రభుత్వ కంపెనీ కాబట్టి మీ డిస్కమ్‌కీ (కరెంటు పంపిణీ సంస్థకీ) ఇది వర్తిస్తుంది. అయితే ఈ రక్షణంతా వాళ్లు నిన్ను తీసేయకూడదన్న మాట మీదే నిలబడి ఉంది. పోతానని నువ్వే రాసిస్తే వాళ్లు తీసేసినట్టు ఎలా అవుతుంది? రేపు కోర్టుకెళ్లినా ముందుగా నీ సంతకమే చూపిస్తారు. అలా ఇంట్లో ఒకరికిచ్చే కారుణ్య నియామకం హక్కు కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. నీ ఉద్యోగం పోయి, తమ్ముడికి రాకపోతే? అమ్మ ఏడ్చినా సరే, నొప్పిలో, మందుల మత్తులో దేనిమీదా సంతకం పెట్టకు.

మెడికల్ బోర్డు దగ్గర 'అన్‌ఫిట్' అన్న ఒక్క మాటతో ఊరుకోకు. స్తంభం, నిచ్చెన ఎక్కలేడు, కూర్చుని చేసే పని, రాతపని, కంప్యూటర్ పని చేయగలడు అని విడమరిచి రాయమని అడుగు. వైకల్యం శాతం 40కి తగ్గిందని ఎవరైనా తోసేస్తే నమ్మకు. ఆ లెక్క రిజర్వేషన్లకు, 20(4)లో శాతం ఊసే లేదు.

సెలవు ముగిసిన మర్నాడే జాయినింగ్ రిపోర్టు ఇచ్చి అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. ఇంట్లో ఊరికే ఉండిపోతే గైర్హాజరు కింద రాస్తారు. దరఖాస్తులో 'లైట్ డ్యూటీ' అన్న మాట వద్దు, అది దయతో ఇచ్చేది, ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటారు. 20(4) కింద సమాన స్కేలు పోస్టు అని రాసి, కరెంటు పోతే జనం ఫిర్యాదు చేసే ఫ్యూజ్ ఆఫ్ కాల్ ఆఫీసు, స్టోర్స్, మీటర్ టెస్టింగ్ ల్యాబ్ పేర్లు నువ్వే పెట్టు. సబ్‌స్టేషన్ ఇస్తామంటే తొందరపడకు. అర్ధరాత్రి వానలో యార్డులోకెళ్లి లైను విడదీసే ఐసోలేటర్ హ్యాండిల్ తిప్పాలి, కింద కంకర. కొత్త కాలుతో ఆ కంకర మీద నడుస్తావని తలుచుకుంటేనే నా గుండె ఆగుతోంది.

'ప్రమాదకరమైన పని, మాకు మినహాయింపు ఉంది' అంటే ప్రభుత్వ నోటిఫికేషన్ కాపీ అడుగు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే తప్ప మినహాయింపు లేదు.

యూనియన్ బీరువాలోని పాత ఒప్పందాలు కూడా తీయించు. రంగులు పోల్చుకోలేడని తెలంగాణ ఆర్టీసీ ఇంటికి పంపిన డ్రైవరుకు, సమాన జీతంతో మరో పోస్టు ఇమ్మని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. అందులో అతనికి అక్కరకొచ్చింది 1979 నాటి ఒప్పందంలోని ఒక క్లాజు. అంత పాత కాగితం ఎవరికి గుర్తుంటుంది?

జవాబు రాకపోతే మీ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఇవ్వు. రిజిస్టరైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడా తేలకపోతే దివ్యాంగుల జిల్లా కమిటీ, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్.

కోపంలో ఒక్క ముక్క ఎక్కువ రాసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. దరఖాస్తు తెల్లకాగితం మీద రాసి ఫోటో నాకు పంపు. చూసి చెప్పాకే సంతకం పెట్టు.

మీ మామయ్య