ఒలింపిక్స్ అప్పుడు న్యూస్ ఛానెళ్లు ఫొటోలే ఎందుకు తిప్పుతాయి? అన్ని పేపర్లలో ఆటగాళ్ల మాటలు ఒకేలా ఎందుకుంటాయి?

ఛానెళ్ల బద్ధకం కొంత ఉన్నా, అసలు సంగతి హక్కులది. పోటీల వీడియో తీసేది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) సొంత ప్రసార సంస్థ ఓబీఎస్. ఆ ఫీడ్ డబ్బు పెట్టి హక్కులు కొన్నవాళ్లకే. మిగతా ఛానెళ్లకు సాధారణంగా రోజు మొత్తానికి 6 నిమిషాలు, అదీ బులెటిన్లలో ముక్కలుగా వాడుకోవాలి. ఆ కాస్తా అయిపోయాక ఏజెన్సీ ఫొటోలూ గ్రాఫిక్సే దిక్కు. రిపోర్టర్ మెడలోని కార్డు మీద 'ఈఎన్ఆర్' అని ఉంటే, అంటే హక్కులు లేని ఛానెల్ అయితే, వీడియో కెమెరాతో స్టేడియంలోకి పోనివ్వరు. గేటు బయట రోడ్డు మీద నిలబడి పీటూసీ, అంటే కెమెరా వైపు చూస్తూ వార్త, చెప్పేది అందుకే.

ఇక మాటల సంగతి. ఆట అయ్యాక ఆటగాళ్లు మిక్స్‌డ్ జోన్ అనే బారికేడ్ల దారిలోంచి బయటికి రావాలి. ముందు వరుస హక్కులున్న టీవీలది, పేపర్లవాళ్లు చివర్లో. ఓడిపోయినవాళ్లు అక్కడిదాకా వచ్చేసరికి రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతారు, ఒక్కోసారి అదీ ఉండదు. నిర్వాహకుల మనుషులు అక్కడే ఉండి ఆ మాటలు రాసుకుని 'ఫ్లాష్ కోట్స్' పేరుతో మీడియా అందరికీ పంపుతారు. డెస్కులో దాన్నే తెలుగు చేస్తారు. కాబట్టి నాలుగు పేపర్లలో ఒకే మాట కనిపిస్తే నలుగురు విన్నారనుకోకండి, విన్నది ఒక్కరే కావచ్చు. 'మాతో మాట్లాడుతూ' అని రాస్తే మాత్రం కాస్త అనుమానించాల్సిందే.

కొన్నిసార్లు మీడియా ఆట టైమునే మార్చేస్తుంది. 2008 బీజింగ్‌లో ఈత ఫైనల్స్ పొద్దున పెట్టారు. అమెరికాలో అది రాత్రి ప్రైమ్‌టైమ్, అక్కడ హక్కులు ఎన్‌బీసీ అనే టీవీ సంస్థవి. అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ 8 స్వర్ణాలూ ఆ పొద్దుటి పూటల్లో గెలిచినవే.

మనకూ గడియారం దెబ్బ తక్కువేం కాదు. 2016లో రియో మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. రెజ్లింగ్‌లో సాక్షి మలిక్ కాంస్యం గెలిచేసరికి ఇక్కడ ఆగస్టు 18 తెల్లవారుజాము, జిల్లా ఎడిషన్లు అప్పటికే ప్రింటయిపోయే వేళ. అదే రోజు బ్యాడ్మింటన్‌లో సింధు సెమీస్, మర్నాడు ఫైనల్ రెండూ మన సాయంత్రాలే. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునే టైమది, పేపరుకి రాసుకోవడానికీ గంటలకొద్దీ వ్యవధి దొరికింది. పేజీలకి పేజీలు నిండటంలో మనమ్మాయి అన్న అభిమానం ఎంతో, ఆ టైమింగ్ కూడా అంతే.