పాత మిల్లు పక్కన కొత్త బిల్డింగ్ కట్టబోయే అల్లుడికి

అల్లుడూ,

ప్లాన్ చూసిన. మిల్లు షెడ్డు బాగుచేయించి హాలు, వెనక జాగలో మూడంతస్తుల బిల్డింగ్, ఆలోచన మంచిదే. వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలై ఇంత మందికి అన్నం పెట్టింది, మూతపడ్డాక ఆ జాగంతా ప్లాట్లు, ఆఫీసులు అయిపోయింది. నీ మిల్లునైనా నువ్వు కూలగొట్టకుండా ఉంచుతానంటే ఎవరు కాదంటారు?

కానీ బాత్రూంలు, వంటగది, జనరేటర్ అన్నీ షెడ్డులోనే ఎందుకు ఇరికించారు? తీసేయమను. నీళ్ల పైపులు, లిఫ్టు, ఏసీ డక్టులు, ఇలా గోడ కోయాల్సి వచ్చే పని ఏదైనా కొత్త బిల్డింగ్‌లో పెట్టు. కొత్తది కట్టేదే అందుకు.

రెంటినీ అతికించకు. మనది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పాత పునాది ఇన్నేళ్లలో దిగాల్సినంత దిగింది, కొత్తది ఇంకా దిగుతుంది, గోడకు గోడ ఆనించి కడితే మధ్యలో పగులు ఖాయం. జాగ వదిలి, పైన తేలికపాటి గాజు కప్పు వేసి, దాని బరువు కూడా పాత గోడ మీద పడకుండా చూడు. కొత్త పునాది గుంత పాతదానికంటే లోతుగా, దగ్గరగా పోతే పక్క మట్టి జారుతుంది కాబట్టి వానాకాలంలో తవ్వనే తవ్వకు.

షెడ్డు కప్పు రంపపు పళ్ల లెక్క ఉంది కదా, ఆ అద్దాలు ఉత్తరానికి పెట్టింది ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే తీరు వెలుతురు రావాలని. ఆ వైపు మూడంతస్తులు లేపితే హాల్లో పగలే లైట్లు వేసుకోవాలి. వాస్తు ఆయన ఉత్తరం ఖాళీ వదలమంటే ఈ ఒక్కసారి ఆయన మాట విను!

కొత్తదాని ప్లింత్, అంటే నేల మీద గచ్చు దాకా లేపే అరుగు, రోడ్డును బట్టి లేపుతారు, అప్పుడు పాత షెడ్డు గుంతలో పడుతుంది. 2020 ఆగస్టు వానలకు వరంగల్‌లో కాలనీలు ఎట్లా మునిగాయో చూశావు కదా. వాన నీళ్లు ఎటు పోవాలో ముందు తేల్చుకో, గచ్చు వాలు షెడ్డు వైపు రానీయకు.

గోడలు డంగు సున్నంతో కట్టినవి. మేస్త్రి సిమెంటు ప్లాస్టరింగ్ గట్టిగా ఉంటది సార్ అంటాడు, ఒప్పుకోకు. సున్నం గోడలో చెమ్మ బయటికి పోవాలి, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, నాలుగు వానలకు ఉప్పు పొంగి ఇటుక రాలుతుంది. సున్నం పని తెలిసినవాళ్లు దొరకడం కష్టమే, రేటూ ఎక్కువే, అయినా వాళ్లనే పట్టుకో. పోత ఇనుము స్తంభాలకు మామూలు వెల్డింగ్ పెట్టనీయకు, పగులుతాయి. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అనే నార ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, సుత్తితో పగలగొట్టించకు.

ఇంకోటి, కొత్తదానికి పాత కమానులు అతికించి దొంగ పాతది చేయకు. పాతదానికి చేర్చేది దానితో పొసగాలి, అయినా ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలని పాత కట్టడాలు కాపాడే పద్ధతుల మీద నిపుణులు రాసిన 1964 వెనిస్ చార్టర్‌లోనే ఉంది. ఎత్తు కాస్త తగ్గించు, రంగు అణిగి ఉండనీ, చాలు.

పర్మిషన్‌కు పోయే ముందు 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద నీ మిల్లు జాబితాలో ఉందేమో కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ (కుడా) ఆఫీసులో కనుక్కో. మట్టి పరీక్ష షెడ్డు పక్కన ఒకటి, వెనక జాగలో ఒకటి, రెండు చోట్లా చేయించు. రిపోర్టు రాగానే వాట్సాప్‌లో పెట్టు, పునాది లోతు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ మామ